డెస్క్‌టాప్ అప్లికేషన్‌కి ఏ టెంప్లేట్ తీసుకోవాలి? ముందు అది ఇచ్చే ఫైళ్లు తెరిచి చూడండి

ఎలక్ట్రాన్ తీసుకోవాలా, టౌరీ తీసుకోవాలా, విన్‌ఫామ్స్ సరిపోతుందా, డబ్ల్యూపీఎఫ్ కావాలా, క్యూటీ నేర్చుకోవాలా, ఫ్లట్టర్‌తో పనైపోతుందా? ఇవన్నీ డెస్క్‌టాప్ అప్లికేషన్లు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్క్‌లు, కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరికీ వచ్చే ప్రశ్నే ఇది. దీనికి దొరికే జవాబులు కూడా ఒకే రకంగా ఉంటాయి: ఏది స్పీడు, ఏది తక్కువ మెమరీ తీసుకుంటుంది, దేనికి ఉద్యోగాలు ఎక్కువ. అవి చూడొద్దని అనను. కానీ వాటికంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. కొత్త ప్రాజెక్ట్ అని నొక్కగానే ఆ టూల్ మన ఫోల్డర్‌లోకి ఏ ఫైళ్లు తెచ్చి పెడుతుంది (ఈ మొదటి ఫైళ్ల సెట్టునే టెంప్లేట్ అంటాం), వాటిలో మనం రాయాల్సినవి ఏవి, టూల్ తనంతట తను తిరగరాసేవి ఏవి, ఇద్దరూ చెయ్యి పెట్టేవి ఏవి.

మొదటి రోజు దీని గురించి ఎవరికీ పట్టదు, ఎందుకంటే రన్ కొట్టగానే ఖాళీ విండో వచ్చేస్తుంది, సంతోషం. ఆరు నెలల తర్వాత ఒక స్క్రీన్ మార్చాల్సి వచ్చినప్పుడో, టీమ్‌లోకి కొత్త మనిషి వచ్చినప్పుడో, ఫ్రేమ్‌వర్క్ కొత్త వెర్షన్‌కి మారాల్సి వచ్చినప్పుడో "ఈ ఫైల్‌ని ముట్టుకోవచ్చా?" అనే ప్రశ్న వస్తుంది. అప్పుడు జవాబు వెంటనే చెప్పగలిగితే అది మీకు సరిపోయిన టెంప్లేట్.

ఏ టెంప్లేట్ అయినా ఫైళ్లు మూడు రకాలు. ఒకటి, టూల్ ఒక్కసారి రాసిచ్చి వదిలేసేవి, అక్కడి నుంచి పూర్తిగా మీవి. రెండు, ప్రతి బిల్డ్‌లో, అంటే కోడ్‌ని అప్లికేషన్‌గా తయారుచేసిన ప్రతిసారీ, టూల్ మళ్లీ మళ్లీ రాసేవి, వాటిలో మీరేం రాసినా నిలవదు. మూడు, టూల్ కూడా రాస్తుంది, మీరూ రాయొచ్చు అన్నట్టు ఉండేవి. ఈ మూడో రకం రెండు పొలాల మధ్య గట్టు లాంటిది, ఎవరు ఎక్కడి వరకు దున్నుకోవచ్చో ముందే తేలకపోతే గొడవ తప్పదు. తలనొప్పి దాదాపు అంతా ఇక్కడి నుంచే వస్తుంది కాబట్టి నేను టెంప్లేట్‌ని తూచేది కూడా ఈ మూడో రకం ఎంత ఉంది, దాని హద్దు ఎంత స్పష్టంగా ఉంది అన్నదాన్ని బట్టే.

పాత ఎంఎఫ్‌సీ ప్రాజెక్ట్ చేతికొస్తే

ఎంఎఫ్‌సీ అంటే విండోస్ అప్లికేషన్ల కోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పాత సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ, కొత్త పనికి దీన్ని ఎంచుకోమని చెప్పను. కానీ ఇప్పటికీ ఎంఎఫ్‌సీ కోడ్ నడుస్తున్న చోట్లు ఉన్నాయి, అది మీ చేతికి రావచ్చు, పైగా ఈ ఫైళ్ల కథంతా అర్థం కావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. విజువల్ సీ ప్లస్ ప్లస్‌లోని యాప్ విజార్డ్ నాలుగు ప్రశ్నలు అడిగి, అప్లికేషన్ క్లాస్, మెయిన్ ఫ్రేమ్, డాక్యుమెంట్, వ్యూ అని ఒక్కోదానికి ఒక హెడర్, ఒక సీపీపీ ఫైల్ ఇచ్చేది. వాటితోపాటు మెనూలు, డైలాగులు ఉండే రిసోర్స్ స్క్రిప్ట్, వాటి నంబర్లు ఉండే రిసోర్స్.హెచ్, ప్రీకంపైల్డ్ హెడర్ (బిల్డ్ త్వరగా అవ్వడానికి ముందే కంపైల్ చేసి ఉంచే హెడర్) కోసం ఎస్‌టీడీఏఎఫ్ఎక్స్ అనే జంట ఫైళ్లు. విజువల్ స్టూడియో 2019 నుంచి ఈ చివరిదాని పేరు పీసీహెచ్ అయింది, పని మాత్రం అదే.

వీటన్నింటితోపాటు ఒక రీడ్‌మీ ఫైల్ కూడా వచ్చేది. ఏ ఫైల్ ఎందుకుందో, ఏది విజార్డ్ వాడుకుంటుందో ఒక్కో ఫైల్‌కి రెండు మూడు వాక్యాల్లో అందులో రాసి ఉండేది. ఇప్పుడొచ్చే టెంప్లేట్లలో ఇంత ఓపికగా చెప్పేవి తక్కువ, అందుకే ఆ రీడ్‌మీ అంటే నాకు నిజంగా గౌరవం. మీకు పాత ప్రాజెక్ట్ వస్తే ముందు దాన్నే వెతకండి, ఎవరో డిలీట్ చేసి ఉంటే పాత కమిట్లలో (గిట్ లాంటి వెర్షన్ కంట్రోల్‌లో దాచిన పాత వెర్షన్లలో) అయినా దొరకొచ్చు.

ఇందులో గట్టు ఎక్కడంటే, విజువల్ సీ ప్లస్ ప్లస్ 6 కాలం కోడ్‌లో మెసేజ్ మ్యాప్ (ఏ బటన్ నొక్కితే ఏ ఫంక్షన్ నడవాలో రాసే చోటు) దగ్గర ఏఎఫ్ఎక్స్ అని మొదలయ్యే వింత కామెంట్లు కనిపిస్తాయి. ఈ గుర్తుల మధ్య ఉన్నదాన్ని క్లాస్ విజార్డ్ రాస్తుంది, మీరు మార్చొద్దు అని అక్కడే రాసి ఉంటుంది. అంటే మీ కోడ్, టూల్ కోడ్ ఒకే ఫైల్‌లో, మధ్యలో ఒక కామెంట్ మాత్రమే అడ్డం. రెండో చిక్కు రిసోర్స్.హెచ్‌లో. తర్వాత ఇవ్వాల్సిన నంబర్ ఎంతో ఎడిటర్ ఆ ఫైల్ చివర్లోనే రాసిపెట్టుకుంటుంది కాబట్టి, ఇద్దరు వేర్వేరు బ్రాంచ్‌లలో (కోడ్ విడి కాపీల్లో) ఒక్కో బటన్ పెడితే ఇద్దరికీ అదే నంబర్ వస్తుంది. ఆ రెండు కాపీల్ని కలిపేటప్పుడు, అంటే మెర్జ్ చేసేటప్పుడు, పేర్లు వేరు కాబట్టి కంపైలర్ ఏమీ అనదు, ఆ రెండూ ఒకే డైలాగ్‌లోనో ఒకే మెనూలోనో పడితే మాత్రం ఒకటి నొక్కితే ఇంకోదాని పని జరుగుతుంది. మెర్జ్ అయ్యాక ఆ ఫైల్‌లో నంబర్లు రెండుసార్లు వచ్చాయేమో కళ్లతో చూసుకోవాల్సిందే.

విన్‌ఫామ్స్, డబ్ల్యూపీఎఫ్ మధ్య

విండోస్‌లో మాత్రమే నడిస్తే చాలు, సీ షార్ప్ వచ్చు అంటే మొదట తేల్చుకోవాల్సింది ఈ రెండింటి మధ్యే.

విన్‌ఫామ్స్ కొత్త ప్రాజెక్ట్ చాలా చిన్నది. ప్రోగ్రామ్.సీఎస్, ఫామ్1.సీఎస్, ఫామ్1.డిజైనర్.సీఎస్, ఒక ప్రాజెక్ట్ ఫైల్. పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ టెంప్లేట్ అయితే వీటికి తోడు అసెంబ్లీ ఇన్ఫో, రిసోర్సెస్, సెట్టింగ్స్, వాటి డిజైనర్ ఫైళ్లు, యాప్.కాన్ఫిగ్ కూడా వచ్చేవి, ప్రాజెక్ట్ ఫైల్‌లో ఒక్కో సోర్స్ ఫైల్ పేరు విడివిడిగా ఉండేది. ఇప్పటి ప్రాజెక్ట్ ఫైల్ పది పన్నెండు లైన్లు, ఫోల్డర్‌లో ఉన్న సీఎస్ ఫైళ్లన్నీ దానంతట అదే తీసుకుంటుంది. ఈ ఒక్క మార్పుతోనే టీమ్‌లో మెర్జ్ గొడవలు చాలా తగ్గాయి.

ఇక్కడ గట్టు ఫామ్1.డిజైనర్.సీఎస్. డిజైనర్‌లో, అంటే మౌస్‌తో స్క్రీన్ గీసే చోట, బటన్‌ని డబుల్ క్లిక్ చేస్తే రెండు చోట్ల కోడ్ పడుతుంది. ఫామ్1.సీఎస్‌లో బటన్ క్లిక్ మెథడ్ వస్తుంది, అది మీది. డిజైనర్ ఫైల్‌లో ఆ మెథడ్‌ని బటన్‌కి తగిలించే ఒక లైన్ వస్తుంది, అది టూల్‌ది. పొరపాటున డబుల్ క్లిక్ అయిందని ఫామ్1.సీఎస్‌లో మెథడ్ ఒక్కటే చెరిపేస్తే ఆ రెండో లైన్ అలాగే ఉండిపోతుంది, బిల్డ్ ఫెయిలవుతుంది, డిజైనర్ కూడా స్క్రీన్ చూపించకుండా ఎర్రర్ పేజీ చూపిస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడ కంగారుపడి ఫామ్ మొత్తం తీసేసి మళ్లీ గీస్తారు. అవసరం లేదు. ఎర్రర్ మీద క్లిక్ చేస్తే తిన్నగా ఆ లైన్ దగ్గరికే తీసుకెళ్తుంది, ఆ ఒక్క లైన్ తీసేస్తే చాలు. అసలైతే ప్రాపర్టీస్ విండోలోని ఈవెంట్ల లిస్టులోంచి తీసేస్తే రెండో చోట కూడా అదే సర్దుకుంటుంది.

ఇలా రెండు ఫైళ్లుగా విడగొట్టడం 2005లో సీ షార్ప్ 2.0తో పార్షియల్ క్లాస్ (ఒకే క్లాస్‌ని రెండు ఫైళ్లలో రాసే వీలు) వచ్చాకే కుదిరింది. అంతకుముందు డిజైనర్ కోడ్ కూడా మీ ఫైల్‌లోనే ఒక మూల మడిచి ఉండేది. కాబట్టి హద్దు మెరుగుపడిందే కానీ గొడవ పూర్తిగా పోలేదు: ఇద్దరు ఒకే ఫామ్‌ని మార్చితే డిజైనర్ ఫైల్‌లో మెర్జ్ చేయడం నిజంగా కష్టం, ఎందుకంటే డిజైనర్ లైన్ల వరుసనే మార్చేయగలదు. ఇంకోటి, స్కేలింగ్ 150 శాతం ఉన్న మానిటర్ మీద ఫామ్ తెరిచి సేవ్ చేస్తే కొలతలన్నీ మారిపోయి, మీరు ముట్టుకోని కంట్రోల్స్ కూడా కమిట్‌లో కనిపిస్తాయి. 100 శాతం స్కేలింగ్‌తో మళ్లీ తెరవమంటారా అని విజువల్ స్టూడియో పైన ఒక పట్టీలో అడుగుతుంది, దాన్ని మూసేయకుండా ఒప్పుకోండి.

కొత్త ప్రోగ్రామ్.సీఎస్‌లో అప్లికేషన్ కాన్ఫిగరేషన్‌ని ఇనిషియలైజ్ చేసే లైన్ ఒకటుంటుంది. ఆ క్లాస్ కోసం ప్రాజెక్ట్ అంతా వెతికినా దొరకదు. ఎందుకంటే డాట్‌నెట్ 6 నుంచి దాన్ని కంపైల్ అయ్యేటప్పుడు సోర్స్ జనరేటర్ తయారుచేస్తుంది, డీపీఐ (స్క్రీన్ స్కేలింగ్) మోడ్, డిఫాల్ట్ ఫాంట్ లాంటివి ప్రాజెక్ట్ ఫైల్‌లో మార్చాలి. తెలిస్తే నిమిషం పని, తెలియకపోతే ఒక పూట పోతుంది.

డబ్ల్యూపీఎఫ్‌లో యాప్.జామెల్, మెయిన్‌విండో.జామెల్, రెండింటి వెనక ఒక్కో సీఎస్ ఫైల్. జామెల్ అంటే స్క్రీన్ ఎలా ఉండాలో రాసే ఎక్స్ఎంఎల్ భాష, మనిషి చేత్తో రాసుకోవడానికి పెట్టింది, చదవడానికి కూడా బాగుంటుంది. దాని నుంచి వచ్చే కోడ్ అంతా ఓబీజే ఫోల్డర్‌లో జీ.సీఎస్ అనే పేరుతో పడుతుంది, దాన్ని మీరు చూడాల్సిన పని కూడా లేదు. మెయిన్ మెథడ్ ఎక్కడుందో కనబడట్లేదని భయపడొద్దు, అది కూడా అక్కడే పుడుతుంది. హద్దు ఇంత శుభ్రంగా ఉన్న టెంప్లేట్లు తక్కువ. ఒక్క జాగ్రత్త, నేమ్‌స్పేస్ పేరు మార్చినప్పుడు జామెల్ పైన క్లాస్ పేరు రాసిన చోట కూడా మార్చాలి. అక్కడ పాత పేరు ఉండిపోతే ఇనిషియలైజ్ కాంపొనెంట్ లేదు అని ఎర్రర్ వస్తుంది, చూస్తే కారణం ఇంకెక్కడో ఉన్నట్టనిపిస్తుంది.

నా మాట ఇది: ఒక్కరే చేస్తున్నారు, ఐదారు స్క్రీన్లు, త్వరగా కావాలి అంటే విన్‌ఫామ్స్ తీసుకోండి, ఎవరేమన్నా వినకండి. ఇద్దరికంటే ఎక్కువమంది, ఏళ్ల తరబడి నడవాల్సింది అయితే నేర్చుకోవడానికి కాస్త టైమ్ పట్టినా డబ్ల్యూపీఎఫ్. అదే పద్ధతి లినక్స్‌లో, మ్యాక్‌లో కూడా కావాలంటే అవలోనియా చూడండి. ఫైళ్ల తీరు దాదాపు డబ్ల్యూపీఎఫ్ లాగే ఉంటుంది కాబట్టి అది తెలిసినవాళ్లకి పెద్ద కష్టం కాదు. దాని ఎంవీవీఎం (స్క్రీన్‌ని, దాని వెనక డేటాని విడిగా ఉంచే పద్ధతి) టెంప్లేట్‌లో వ్యూ లొకేటర్ అని ఒక ఫైల్ వస్తుంది, ఏ వ్యూ మోడల్‌కి ఏ స్క్రీన్ అన్నది అది పేరును బట్టే పట్టుకుంటుంది, కాబట్టి ఇష్టమొచ్చిన పేర్లు పెట్టేముందు దాన్ని ఒకసారి చదవండి.

క్యూటీ

సీ ప్లస్ ప్లస్ తప్పనిసరి అయినచోట, మెషిన్లతో, పరికరాలతో మాట్లాడే అప్లికేషన్ల దగ్గర నేను మొదట తలిచేది ఇదే. విడ్జెట్స్ టెంప్లేట్ మెయిన్.సీపీపీ, మెయిన్‌విండో పేరుతో హెడర్, సీపీపీ, యూఐ ఫైళ్లు, ఒక సీమేక్‌లిస్ట్స్ ఇస్తుంది. యూఐ ఫైల్ ఎక్స్ఎంఎల్, డిజైనర్ దాన్ని మాత్రమే రాస్తుంది. దాని నుంచి యూఐసీ అనే చిన్న ప్రోగ్రామ్ ఒక హెడర్ తయారుచేసి బిల్డ్ ఫోల్డర్‌లో పెడుతుంది, మీ సోర్స్ ఫోల్డర్ జోలికి రాదు. మీ క్లాస్ దాన్ని ఒక పాయింటర్‌తో పట్టుకుంటుంది, అంతే.

ఇంత నీట్‌గా ఉన్నా ఒక ఉచ్చు ఉంది. డిజైనర్‌లో బటన్ మీద రైట్ క్లిక్ చేసి గో టు స్లాట్ అంటే "ఆన్", బటన్ పేరు, "క్లిక్డ్" కలిపి ఒక ఫంక్షన్ వస్తుంది. ఆ పేరును బట్టే కనెక్షన్ జరుగుతుంది. తర్వాత ఎప్పుడో బటన్ పేరు మారిస్తే కంపైల్ సాఫీగా అయిపోతుంది, బటన్ మాత్రం పనిచేయదు, కారణం రన్ చేసినప్పుడు ఔట్‌పుట్ విండోలో ఒక్క లైన్ వార్నింగ్‌గా వచ్చి పోతుంది. అందుకే కనెక్ట్ అని కన్‌స్ట్రక్టర్‌లో చేత్తో రాసుకోవడమే మేలు, పేరు తప్పితే కంపైలరే ఆపేస్తుంది.

పైథాన్‌లో పైసైడ్ (క్యూటీని పైథాన్‌లో వాడుకునే లైబ్రరీ) వాడేవాళ్లకి కూడా ఇదే లెక్క. యూఐ ఫైల్ నుంచి వచ్చిన పైథాన్ ఫైల్ పైనే "ఇందులో చేసిన మార్పులు మళ్లీ కంపైల్ చేస్తే పోతాయి" అని రాసి ఉంటుంది. అది నిజంగానే జరుగుతుంది. వేరే ఫైల్‌లో క్లాస్ పెట్టుకుని దీన్ని ఇంపోర్ట్ చేసుకోండి. ఇక డాట్ యూజర్ అని ముగిసే ఫైల్ క్యూటీ క్రియేటర్ మీ మెషిన్ కోసం రాసుకున్నది, దాన్ని గిట్‌లో పెట్టొద్దు. ఎల్‌జీపీఎల్ (ఓపెన్ సోర్స్ లైసెన్స్), కమర్షియల్ లైసెన్స్ షరతులు మాత్రం కోడ్ మొదలుపెట్టకముందే చదవండి, ఎందుకంటే స్టాటిక్‌గా లింక్ చేయాలా (లైబ్రరీని మీ ప్రోగ్రామ్‌లోనే కలిపేయడం), డైనమిక్‌గానా (విడి ఫైల్‌గా ఉంచడం) అన్న నిర్ణయం దాని మీద ఆధారపడుతుంది.

ఎలక్ట్రాన్, టౌరీ

వెబ్ తెలిసినవాళ్లు ఈ రెండింటి మధ్యే ఊగుతుంటారు. సైజు గురించి అందరికీ తెలిసిందే. ఎలక్ట్రాన్ క్రోమియం అనే బ్రౌజర్‌ని, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌ని తనతోనే మోసుకొస్తుంది కాబట్టి ఖాళీ అప్లికేషన్ కూడా ఇన్‌స్టాల్ అయ్యాక వంద ఎంబీ దాటుతుంది, టౌరీ సిస్టంలో ఉన్న వెబ్ వ్యూనే (పేజీలు చూపించే బ్రౌజర్ భాగాన్నే) వాడుకుంటుంది కాబట్టి చిన్నగా వస్తుంది. ఫైళ్ల వైపు నుంచి చూస్తే మాత్రం బొమ్మ తిరగబడుతుంది.

ఎలక్ట్రాన్ ఫోర్జ్ అనే ప్రాజెక్ట్ తయారుచేసే టూల్ ఇచ్చే మామూలు టెంప్లేట్‌లో ఇండెక్స్.జేఎస్, ప్రీలోడ్.జేఎస్, ఒక హెచ్‌టీఎంఎల్, ఒక సీఎస్ఎస్, ఫోర్జ్ కాన్ఫిగ్, ప్యాకేజ్.జేసన్. సోర్స్ అంతా మీదే, టూల్ వెనక్కొచ్చి మార్చేది ఏమీ లేదు. ఇంత తేలిగ్గా పూర్తిగా చదవగలిగే టెంప్లేట్ ఇంకోటి చూపించడం కష్టం. అయితే అందులో రెండు చోట్లు తప్పకుండా తెరిచి చూడాలి. ఇండెక్స్.జేఎస్‌లో డెవలపర్ టూల్స్ తెరిచే లైన్ ఉంటుంది, తీయకుండా యూజర్లకి ఇస్తే వాళ్లకి కూడా పక్కన ఆ ప్యానెల్ తెరుచుకుంటుంది. రెండోది ప్రీలోడ్.జేఎస్. టెంప్లేట్‌లో అందులో రెండు కామెంట్లు తప్ప ఏమీ ఉండదు, అందుకే పనికిరాని ఫైల్ అనుకుని తీసేస్తారు. నిజానికి మీ పేజీకి, సిస్టంకి మధ్య ఉన్న ఒకే ఒక సరైన దారి అదే. ఎలక్ట్రాన్ 5 నుంచి పేజీలో నోడ్ ఇంటిగ్రేషన్ (పేజీ నేరుగా సిస్టంని వాడుకోవడం) డిఫాల్ట్‌గా ఆపేశారు, 12 నుంచి కాంటెక్స్ట్ ఐసోలేషన్ (పేజీ కోడ్‌ని, ప్రీలోడ్ కోడ్‌ని వేరుగా ఉంచడం) డిఫాల్ట్‌గా పెట్టారు. పాత ట్యుటోరియల్ చూసి రాసిన కోడ్ పనిచేయకపోతే కొందరు ఆ రెండింటినీ తిరిగి మార్చేస్తుంటారు. దయచేసి అలా చేయకండి, పేజీలోకి బయటి స్క్రిప్ట్ ఒక్కటి చొరబడితే యూజర్ ఫైళ్లన్నీ దాని చేతికి చిక్కుతాయి. కావాల్సిన ఫంక్షన్లు ప్రీలోడ్‌లో కాంటెక్స్ట్ బ్రిడ్జ్ ద్వారా ఇవ్వండి.

వీట్ (వెబ్ కోడ్‌ని బిల్డ్ చేసే టూల్), టైప్‌స్క్రిప్ట్ కలిపిన టెంప్లేట్ తీసుకుంటే మెయిన్‌కి ఒకటి, ప్రీలోడ్‌కి ఒకటి, రెండరర్‌కి (పేజీ వైపు కోడ్‌కి) ఒకటి అని కాన్ఫిగ్ ఫైళ్లు పెరుగుతాయి. అవసరం ఉంటేనే తీసుకోండి.

టౌరీ 2.0 2024 అక్టోబర్‌లో వచ్చింది, ఇప్పుడు మొదలుపెడితే అదే. ఒక్క ఫోల్డర్‌లో రెండు ప్రాజెక్టులు ఉన్నట్టు లెక్క: ఎస్ఆర్‌సీలో వెబ్ వైపు, ఎస్ఆర్‌సీ టౌరీలో రస్ట్ భాషలో రాసే వైపు. రస్ట్ వైపు కార్గో.టోమల్, బిల్డ్.ఆర్ఎస్, టౌరీ కాన్ఫ్ జేసన్, మెయిన్.ఆర్ఎస్, లిబ్.ఆర్ఎస్, కేపబిలిటీస్ ఫోల్డర్, ఐకాన్లు, స్కీమాలు. రెండు రస్ట్ ఫైళ్లు ఎందుకంటే ఫోన్ బిల్డ్‌లకి లైబ్రరీ కావాలి, అందుకని అసలు కోడ్ లిబ్‌లో పెట్టి మెయిన్ దాన్ని పిలుస్తుంది. మెయిన్.ఆర్ఎస్ పైన ఒక లైన్, దాని మీద "తీసేయొద్దు" అని రెండు ఆశ్చర్యార్థకాలతో కామెంట్ ఉంటాయి. అది తీసేస్తే విండోస్‌లో రిలీజ్ బిల్డ్ తెరిచినప్పుడల్లా వెనక నల్లటి కన్సోల్ విండో కూడా వస్తుంది. డెవలప్ చేసేటప్పుడు తేడా తెలియదు, యూజర్ దగ్గర తెలుస్తుంది.

కేపబిలిటీస్‌లోని డిఫాల్ట్.జేసన్ దగ్గర చాలామంది ఆగిపోతారు. ప్లగిన్ చేర్చారు, రస్ట్‌లో రిజిస్టర్ చేశారు, జావాస్క్రిప్ట్‌లో పిలిచారు, అయినా అనుమతి లేదని ఎర్రర్. ఆ జేసన్‌లో పర్మిషన్ రాయకపోతే అంతే. మొదట విసుగ్గా ఉంటుంది గానీ, పేజీ ఏం చేయగలదో ఒకే ఫైల్‌లో చదువుకోగలగడం ఎంత మేలో తర్వాత అర్థమవుతుంది. నాకైతే టౌరీలో అన్నింటికంటే నచ్చిన ఫైల్ అదే.

ఎంపిక విషయానికొస్తే, టీమ్‌లో ఒక్కరికైనా రస్ట్ చదవడం వస్తే, వేర్వేరు వెబ్ వ్యూల మీద టెస్ట్ చేసే ఓపిక ఉంటే టౌరీ. విండోస్‌లో వెబ్‌వ్యూ2, మ్యాక్‌లో వెబ్‌కిట్, లినక్స్‌లో వెబ్‌కిట్ జీటీకే, మూడు చోట్లా ఒకే పేజీ అచ్చం ఒకేలా ఉండదు. రస్ట్ ఎవరికీ రాదు, జావాస్క్రిప్టే మొత్తం, అంతటా ఒకేలా కనబడాలి అంటే సైజు గురించి టెన్షన్ పడకుండా ఎలక్ట్రాన్ తీసుకోండి. చదవలేని సగం ఫోల్డర్‌ని ఏళ్ల తరబడి మోయడం కంటే పెద్ద ఇన్‌స్టాలర్ నయం.

ఫ్లట్టర్

ఫోన్ యాప్ ఇప్పటికే ఫ్లట్టర్‌లో ఉంటే డెస్క్‌టాప్‌కి ఇంకోటి ఆలోచించక్కర్లేదు. విండోస్ సపోర్ట్ 2022 ఫిబ్రవరిలో, మ్యాక్, లినక్స్ అదే ఏడాది మే నెలలో స్టేబుల్ అయ్యాయి. కేవలం డెస్క్‌టాప్ కోసమే అయితే ముందు ఫైళ్లు చూసి నిర్ణయించుకోండి. మీరు రోజూ రాసేది లిబ్ ఫోల్డర్‌లో ఒక్క మెయిన్.డార్ట్‌తో మొదలవుతుంది, చాలా హాయిగా ఉంటుంది. కానీ పక్కనే విండోస్, మ్యాక్ ఓఎస్, లినక్స్ అని ఫోల్డర్లు, వాటిలో సీ ప్లస్ ప్లస్, స్విఫ్ట్, సీమేక్, ఎక్స్‌కోడ్ ఫైళ్లు ఉంటాయి. మొదట్లో వాటిని తెరవరు. విండో పేరు మార్చాలన్నా, మొదట తెరుచుకునే 1280, 720 సైజు మార్చాలన్నా వెళ్లాల్సింది విండోస్ రన్నర్ ఫోల్డర్‌లోని మెయిన్.సీపీపీకే. కంపెనీ పేరు ఆ పక్కనే రన్నర్.ఆర్‌సీలో ఉంటుంది, మార్చకపోతే ఎక్స్ఈ ప్రాపర్టీస్‌లో కామ్.ఎగ్జాంపుల్ అనే కనిపిస్తుంది.

రన్నర్ ఫోల్డర్ మీది, మార్చుకోవచ్చు. దాని పక్కనున్న ఫ్లట్టర్ అనే ఫోల్డర్ టూల్‌ది, అందులోని జనరేటెడ్ ప్లగిన్ రిజిస్ట్రంట్ ఫైల్‌ని ప్లగిన్ చేర్చినప్పుడల్లా తిరగరాస్తుంది, ఎడిట్ చేయొద్దని పైనే ఉంటుంది. టెస్ట్ ఫోల్డర్‌లో కౌంటర్ బటన్‌ని పరీక్షించే ఒక టెస్ట్ కూడా టెంప్లేట్‌తో వస్తుంది. మీరు కౌంటర్ తీసేసిన రోజే ఆ టెస్ట్ ఫెయిలవుతుంది, కాబట్టి దాని బదులు మీ స్క్రీన్‌కి ఒక టెస్ట్ రాసుకోండి, ఫెయిలయ్యే టెస్ట్‌కి టీమ్ అలవాటు పడిపోవడం మంచిది కాదు.

మ్యాక్ ఒక్కటే అయితే ఎక్స్‌కోడ్ స్విఫ్ట్‌యూఐ టెంప్లేట్ చాలు, రెండు స్విఫ్ట్ ఫైళ్లతో మొదలవుతుంది, గట్టు అంతా ప్రాజెక్ట్.పీబీఎక్స్‌ప్రోజ్ అనే ఒక్క ఫైల్‌లో ఉంటుంది. పాస్కల్ వచ్చినవాళ్లకి లాజరస్ ఇప్పటికీ మంచిదే, దాని ఫామ్ ఫైల్ మామూలు టెక్స్ట్, తెరిచి చదివితే అర్థమవుతుంది.

గిట్‌లో ఏది పెట్టాలి

టూల్ రాసింది కదా అని ఇగ్నోర్ చేసేయడం తప్పు. అడగాల్సింది, టూల్ దీన్ని దేన్నుంచైనా మళ్లీ తయారుచేయగలదా అని. క్యూటీ యూఐ హెడర్‌ని యూఐ ఫైల్ నుంచి మళ్లీ చేయగలదు, కాబట్టి గిట్‌లో వద్దు. విన్‌ఫామ్స్ డిజైనర్ ఫైల్ కూడా టూలే రాస్తుంది, కానీ దానికి మూలం ఇంకోటి లేదు, అదే మూలం. అది పోతే మీ స్క్రీన్ పోయినట్టే. డిజైనర్ అనే పేరు చూసి ఇగ్నోర్ లిస్టులో పెట్టేవాళ్లుంటారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. బిన్, ఓబీజే, నోడ్ మాడ్యూల్స్, టార్గెట్, బిల్డ్ ఫోల్డర్లు వద్దు. రస్ట్ టార్గెట్ ఫోల్డర్ అయితే జీబీల్లోకి పెరుగుతుంది. లాక్ ఫైళ్లు (ఏ లైబ్రరీ ఏ వెర్షన్ వాడారో రాసి ఉంచేవి) మాత్రం తప్పకుండా పెట్టండి, టౌరీలో అవి రెండు ఉంటాయి, కార్గో.లాక్‌ని మర్చిపోవద్దు.

ఇంకా తేల్చుకోలేకపోతే

రెండు టెంప్లేట్లు అనుకుని ఒక గంట పెట్టుకోండి. రెండింటితోనూ ప్రాజెక్ట్ తయారుచేసి, ఒక్క అక్షరం మార్చకుండా మొదటి కమిట్ చేయండి. తర్వాత రెండింటిలోనూ అవే నాలుగు పనులు చేయండి: ఒక బటన్ పెట్టడం, రెండో విండో తెరవడం, అప్లికేషన్ పేరు మార్చడం, ఐకాన్ మార్చడం. ఇప్పుడు గిట్ డిఫ్ చూడండి. ఎన్ని ఫైళ్లు మారాయో, అందులో మీరు చేత్తో మార్చినవెన్నో, మీకు తెలియకుండా మారినవెన్నో అక్కడే కనిపిస్తుంది. పేరు మార్చడం చిన్న పని అనుకుంటాం గానీ అన్నిటికంటే ఎక్కువ చెప్పేది అదే. ఎలక్ట్రాన్‌లో ప్యాకేజ్.జేసన్, పేజీ టైటిల్‌తో అయిపోతుంది. టౌరీలో కాన్ఫ్ జేసన్‌తోపాటు కార్గో.టోమల్, ప్యాకేజ్.జేసన్ ఉంటాయి. ఫ్లట్టర్‌లో ఒక్కో ప్లాట్‌ఫామ్ ఫోల్డర్‌కి విడిగా వెళ్లాలి.

ఇప్పుడు ఏఐ టూల్స్‌తో ప్రాజెక్ట్ మొత్తం రాయించుకునేవాళ్లు కూడా ఎక్కువయ్యారు. దానికి నేను వ్యతిరేకం కాదు, కానీ మొదటి ఫైళ్లు మాత్రం అఫీషియల్ టెంప్లేట్‌తోనే తయారుచేసి, కమిట్ చేసి, ఆ తర్వాత ఏఐ చేతికి ఇవ్వండి. లేకపోతే వేర్వేరు వెర్షన్ల కాన్ఫిగ్ కలిసిపోయే ప్రమాదం ఉంది, అప్పుడు ఏ లైన్ టెంప్లేట్‌ది, ఏ లైన్ కల్పించింది అన్నది ఎవరికీ తెలియదు.

ఆ మార్చని మొదటి కమిట్ వెర్షన్ మారేటప్పుడు ఇంకా బాగా పనికొస్తుంది. ఫ్లట్టర్‌లో రన్నర్ ఫోల్డర్, టౌరీలో మెయిన్.ఆర్ఎస్ లాంటివి పాత టెంప్లేట్ ఇచ్చినవే ఉండిపోతాయి, అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన అన్నీ వాటంతట అవి కొత్తవి అయిపోవు. కొత్త వెర్షన్‌తో అదే పేరుకి పక్కన ఇంకో ఖాళీ ప్రాజెక్ట్ తయారుచేసి, మీ మొదటి కమిట్‌తో పోల్చండి. ఆ తేడాలో కనిపించేది టూల్ వైపు మార్పు మాత్రమే, మీ కోడ్ అందులో ఒక్క లైన్ కూడా ఉండదు. దాన్ని ప్యాచ్‌లాగా మీ ప్రాజెక్ట్ మీద వేసుకుంటే చాలు.